పనికి తగ్గ సైకిలు

సైకిలులో దాపరికం ఉండదు. గొలుసు, పళ్ళ చక్రాలు, బ్రేకు కమ్మీలు, ఇరుసులు అన్నీ కంటికి ఎదురుగానే ఉంటాయి. తొక్కితే ఏది దేన్ని లాగుతుందో చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. రెండు మూడు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, ఒక సుత్తి ఉంటే బండిలో చాలాభాగం ఇంటి వాకిట్లోనే విప్పి బిగించుకోవచ్చు. కొత్తవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఎడమ పెడల్ దగ్గర. దాని మర ఎదురు తిరుగుతుంది. మామూలు బోల్టు అనుకుని బలం పెడితే ఊడకపోగా ఇంకా బిగుసుకుంటుంది. మన దేశంలో దశాబ్దాలుగా తిరుగుతున్న నల్ల సైకిళ్ళ కొలతలు కంపెనీ మారినా పెద్దగా మారవు. ఒకదాని ఫ్రీవీలు మరోదానికి పడుతుంది. గొలుసు లంకెల మధ్య దూరమైతే లోకమంతటా అరంగుళమే. ఇన్ని వెసులుబాట్లున్న యంత్రాన్ని కొన్నది కొన్నట్టు వాడుకోవడం మనుషుల వల్ల కాలేదు.

సైకిలు చరిత్రలో అన్నిటికన్నా పెద్ద ఇంటి మార్పు ఒక పశువైద్యుడిది. బెల్‌ఫాస్ట్ నగరంలో ఉండే జాన్ బాయ్డ్ డన్‌లప్ 1887లో తన కొడుకు మూడు చక్రాల బండికి రబ్బరు గొట్టాలు చుట్టి, వాటిలో గాలి నింపాడు. అంతవరకు సైకిలు టైర్లు గట్టి రబ్బరువి. రాళ్ళు పరిచిన వీధుల్లో ఒళ్ళు హూనం చేసేవి. మరుసటి ఏడాది డన్‌లప్ పేటెంటు తీసుకున్నాడు. గాలి టైరు ఆలోచనకు రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండు వాసి 1840లలోనే పేటెంటు పొందాడన్న సంగతి తర్వాత బయటపడింది, డన్‌లప్ పేటెంటు చెల్లలేదు. అయినా థామ్సన్ పేటెంటు నాటికి సైకిలు వాడుకలో లేదు. గుర్రబ్బండ్ల కోసం పుట్టి మూలపడిన ఆలోచన, పిల్లవాడి బండి దగ్గరికి వచ్చాకే ప్రపంచమంతా తిరిగింది.

తెలుగు ఊళ్ళలో సైకిలు రూపు మార్చింది సరదా కన్నా బరువే. పాలు పోసేవారు క్యారియరుకు రెండు పక్కలా ఇనుప కొక్కేలు బిగించి క్యాన్లు వేలాడదీస్తారు. గీత కార్మికుల సైకిలుకు మోకు, ముస్తాదు, కల్లు కుండలు అన్నీ ఒద్దికగా అమరుతాయి. ప్లాస్టిక్ బిందెలు అమ్మేవారు క్యారియరుకు వెదురు కర్రలు నిలువుగా కట్టి, మనిషి కనిపించనంతగా సరుకు పేరుస్తారు. చీరల మూటలవారికి వెడల్పాటి చెక్కపలక కావాలి. వీటన్నిటినీ కట్టి ఉంచేది పాత ట్యూబును నిలువునా కోసి తీసిన రబ్బరు బద్దీ. సాగుతుంది, జారదు, వానకు చెడదు, ఖర్చు లేదు. అంతకన్నా మంచి కట్టుతాడు ఏ దుకాణంలోనూ దొరకదు.

ఇవి ఎలా పడితే అలా తగిలించినవి కావు. వెనక ఇరుసు దాటి మరీ వెనక్కి బరువు పెడితే ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిలు మాట వినదు. ఎత్తులో పెడితే మలుపు దగ్గర ఒరిగిన బండిని నిలబెట్టడం కష్టం. పాల క్యాన్లు ఇరుసుకు అటూ ఇటూ, నేలకు దగ్గరగా వేలాడడానికి కారణం ఇదే. రెండు క్యాన్లూ సమానంగా నిండి ఉండాలి. ఒకటి ఖాళీ అయితే సైకిలు దారి పొడవునా పక్కకు లాగుతూనే ఉంటుంది. నల్ల సైకిలు తయారీలోనే ఈ లెక్క కొంత ఉంది. ముందు చక్రానికి 32 స్పోక్ పుల్లలు ఉంటే, ఎక్కువ బరువు మోసే వెనక చక్రానికి 40 ఉంటాయి. దానికి మించి మోయాలంటే మెకానిక్కు చేసే పని మూడు చోట్ల కనిపిస్తుంది: లావుపాటి పుల్లలు, క్యారియరు కింద అదనపు కాళ్ళు, ముందు ఫోర్కు కొసల నుంచి హ్యాండిలు మొదటి దాకా రెండు ఆసరా కమ్మీలు. మూడోది చూడడానికి చిన్నదే గాని, గుంతలో పడ్డప్పుడు ఫోర్కు వెనక్కి వంగిపోకుండా కాచేది అదే.

ఈ పద్ధతి చివరి హద్దు జార్ఖండ్ రోడ్ల మీద కనిపిస్తుంది. అక్కడ బొగ్గు మోసేవారు ఒక్కో సైకిలు మీద సుమారు 200 కిలోల బస్తాలు కట్టి రాంచీ వైపు నడిపిస్తారు. ఆ బరువుతో ఎక్కి తొక్కడం కుదరదు. సైకిలు అక్కడ వాహనం కాదు, రెండు చక్రాల తోపుడు బండి. వియత్నాంలో 1954 నాటి డియన్ బియన్ ఫూ యుద్ధంలో కూడా ఇదే జరిగింది. కొండ దారుల్లో బియ్యం, మందుగుండు చేరవేయడానికి వేల సైకిళ్ళను మార్చారు. హ్యాండిలుకు ఒక పొడవాటి వెదురు కర్ర అడ్డంగా కట్టారు. పక్కన నడుస్తూనే చక్రం తిప్పడానికి అది. సీటు దగ్గర మరో కర్ర నిలువుగా నిలిపారు. అది తోయడానికీ, వాలులో ఆపడానికీ. రెండు కర్రలతో సైకిలు మోసే బరువు 200 కిలోలు దాటింది. మనిషి ఒక్కడే భుజాన మోయగల దానికి అది ఎన్నో రెట్లు. ఇందులో కొత్తగా కనిపెట్టిన భాగం ఒక్కటీ లేదు.

తొక్కుతూనే బరువు లాగాలంటే పళ్ళ లెక్క మార్చాలి. మామూలు నల్ల సైకిలుకు పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రానికి పళ్ళు 44, వెనక ఫ్రీవీలు పళ్ళు 18. అంటే పెడల్ ఒకసారి తిరిగితే వెనక చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.2 మీటర్లు పోతుంది కాబట్టి, పెడల్ ఒక్క చుట్టుకు సైకిలు సుమారు 5.4 మీటర్లు కదులుతుంది. అదే 22 పళ్ళ ఫ్రీవీలు వేస్తే 4.4 మీటర్లే పోతుంది. వేగం తగ్గినంత మేరా కాళ్ళ మీద బరువు తగ్గుతుంది. గొలుసుకు ఒకటి రెండు లంకెలు కలపాలి, అంతే. ఎత్తుపల్లాల ఊళ్ళలో సరుకు మోసేవారికి ఇంత తక్కువ ఖర్చులో ఇంత హాయినిచ్చే మార్పు మరొకటి లేదు. కానీ క్యారియరుకు చేయించినంత ఆరాటంగా ఈ మార్పు చేయించుకునేవారు తక్కువ.

అదే లెక్కను తలకిందులు చేసినది కత్తులకు సాన పట్టేవారి సైకిలు. స్టాండు వేసి వెనక చక్రాన్ని గాలిలోకి లేపి, చక్రానికి తగిలించిన కట్టు నుంచి ఒక బెల్టును సానరాయి ఇరుసు మీది చిన్న కప్పీకి వేస్తారు. కట్టు అడ్డుకొలత 60 సెంటీమీటర్లు, కప్పీది 6 అనుకుంటే అక్కడే వేగం పది రెట్లు. నిమిషానికి 60 సార్లు నింపాదిగా తొక్కినా రాయి 1,400 చుట్లు దాటి తిరుగుతుంది. పని అయ్యాక బెల్టు జార్చి, స్టాండు తీసి, తర్వాతి వీధికి తొక్కుకుంటూ వెళ్ళిపోవడమే. కరెంటు అక్కరలేని వర్కుషాపు అది.

అలంకారం సంగతికి వస్తే స్పోకులకు రంగు పూసలు, హ్యాండిలుకు కుచ్చులు, కుచ్చుల సీటు కవరు, మడ్‌గార్డు చివర రబ్బరు రెక్క తెలుగువారికి కొత్తవేమీ కావు. పుల్లలకు తగిలేలా అట్టముక్క కట్టి మోటారు చప్పుడు తెప్పించడం అన్ని దేశాల పిల్లలకూ తెలిసిన విద్యే. అలాంటి పిల్లల సరదా ఒకటి కంపెనీనే నడిపించింది. 1960ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు 20 అంగుళాల చక్రాల సైకిళ్ళకు ఎత్తయిన హ్యాండిళ్ళు, అరటిపండు ఆకారపు పొడుగు సీట్లు బిగించుకోసాగారు. ష్విన్ కంపెనీలో పనిచేసే ఆల్ ఫ్రిట్జ్ ఇది విని అదే రూపంలో 1963లో స్టింగ్-రే అనే సైకిలు తెచ్చాడు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. పిల్లలు మళ్ళీ దాన్నే మట్టి గుట్టల మీద మోటారు సైకిలు పందెంలా ఉరికించారు. 1970లలో బీఎంఎక్స్ క్రీడ అలా పుట్టి, 2008లో ఒలింపిక్స్‌కు చేరింది. లాస్ ఏంజెలిస్ మెక్సికన్ కుర్రాళ్ళ దారి వేరు. వాళ్ళు అదే సైకిలును నేలకు దించి, మెలితిప్పిన కమ్మీలకు క్రోమియం పూత వేయించి, మఖమలు సీటు పెట్టి, తమ పెద్దల కార్లకు జోడీగా లోరైడర్లు తయారుచేశారు. ఫోర్కును బాగా పొడిగించిన ఇలాంటి బళ్ళు నెమ్మదిగా పోతున్నప్పుడు చక్రం దానంతటదే పక్కకు వాలుతుంది. అవి దూరం పోవడానికి కాదు, చూపించుకోవడానికి. ఒక ఫ్రేము మీద మరో ఫ్రేము వెల్డు చేసి కట్టే మేడ సైకిళ్ళు మాత్రం కనిపించినంత కష్టమైనవి కావు. ఎత్తు పెరిగితే బండి ఒరిగే వేగం తగ్గుతుంది కాబట్టి నిలదొక్కుకోవడం తేలికే. ఎక్కడం, దిగడమే చిక్కు.

పనికిరాదని పడేసినవాటితో ఒక పరిశ్రమనే లేపిన కథ శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మరిన్ కౌంటీది. 1970లలో అక్కడి కుర్రాళ్ళు 1930లు, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్ళను చవగ్గా కొని, మడ్‌గార్డులు పీకి, టమల్పాయస్ కొండ దారుల్లో దిగేవారు. ఆ సైకిళ్ళ టైర్లు రెండంగుళాలకు పైగా వెడల్పు, ఫ్రేములు దిట్టం. బ్రేకు మాత్రం వెనక చక్రం హబ్బులోనే. పెడల్ వెనక్కి తొక్కితే పడుతుంది. 1976 అక్టోబరులో ఫెయిర్‌ఫ్యాక్స్ ఊరి దగ్గర మొదలైన ఒక పందెంలో దారి మూడున్నర కిలోమీటర్లలోపే దాదాపు 400 మీటర్లు దిగేది. కిందికి చేరేసరికి హబ్బులోని గ్రీజు కాలి పొగయ్యేది. ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు కూరాల్సి రావడంతో పందేనికి రీప్యాక్ అనే పేరు స్థిరపడింది.

ఆ కష్టం నుంచే ఒక్కో మార్పు వచ్చింది. గ్యారీ ఫిషర్ తన పాత సైకిలుకు డ్రమ్ము బ్రేకులు, మోటారు సైకిలు బ్రేకు పిడులు, కొండ ఎక్కడానికి గేర్లు తగిలించాడు. పాత ఫ్రేములు విరుగుతూ ఉండడంతో జో బ్రీజ్ 1977లో ఈ పనికనే కొత్త ఫ్రేము కట్టాడు. 1979లో ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి, టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో సైకిళ్ళు అమ్మడం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో పెద్ద ఎత్తున తయారుచేసి మార్కెట్లోకి దింపింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకింగ్ పతకాల క్రీడ అయింది. హైదరాబాదు అపార్టుమెంట్ల కింద నిలబడి ఉన్న లావు టైర్ల గేరు సైకిళ్ళకు మూలం ఆ పాత ఇనుపసామానే. వాటిలో చాలావాటికి కొండ ముఖం చూసే యోగం లేదన్నది వేరే మాట.

వేగం కోసం ఇంట్లో చేసిన మార్పుల్లో గ్రేమ్ ఓబ్రీ సైకిలుకు సాటి లేదు. స్కాట్లండుకు చెందిన ఓబ్రీ, గంటలో అత్యధిక దూరం తొక్కే రికార్డు మీద కన్నేశాడు. పెడళ్ళ మధ్య ఎడం తగ్గితే కాళ్ళు సహజంగా ఆడతాయని, చేతులు ఛాతీ కిందికి ముడుచుకుంటే గాలి అడ్డు తగ్గుతుందని అతని లెక్క. మోకాళ్ళకు తగలకుండా ఫ్రేము పై కడ్డీ తీసేశాడు. పెడల్ ఇరుసుకు బట్టలుతికే యంత్రపు బేరింగులు వేశాడు. 1993 జులై 16న నార్వేలోని హమార్‌లో, నిపుణులు అదే నమూనాలో చేసిచ్చిన కొత్త సైకిలు మీద ప్రయత్నించి విఫలమయ్యాడు. మర్నాడు పొద్దున తన సొంత బండినే ఎక్కి గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కాడు. ఫ్రాన్సెస్కో మోజర్ పేరున తొమ్మిదేళ్ళుగా ఉన్న 51.151 రికార్డు పోయింది. వారం తిరగకముందే క్రిస్ బోర్డ్‌మన్ దాన్ని దాటాడు, 1994లో ఓబ్రీ మళ్ళీ దక్కించుకున్నాడు. ఆ ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఆ భంగిమను నిషేధించింది. నిబంధనకు వాళ్ళ కారణాలు వాళ్ళకు ఉండవచ్చు. ఒక ఇంటి సైకిలుకు అంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదు.

బీహారులో మొహమ్మద్ సైదుల్లా చేసిన నీటి సైకిలుది అవసరం నేర్పిన విద్య. 1975 వరదల్లో పడవకు డబ్బులివ్వలేని స్థితిలో, సైకిలుకు గాలి డబ్బాలు అమర్చి నీటి మీద తొక్కేలా చేశాడు. ఒడ్డుకు చేరాక డబ్బాలు పైకి మడిస్తే మళ్ళీ మామూలు సైకిలే.

ఇంట్లో మార్పు చేసుకోదలచినవారు ముందు చూడాల్సింది లోహం. నల్ల సైకిలు ఉక్కు గొట్టాలను ఇత్తడి అతుకుతో కలుపుతారు. ఆ అతుకుల పక్కనే వెల్డింగు వేడి తగిలితే ఇత్తడి కరిగి పట్టు సడలుతుంది. అల్యూమినియం ఫ్రేమును వెల్డు చేస్తే ఆ చోట బలం పోతుంది; ఫ్యాక్టరీలో మళ్ళీ కాల్చి గట్టిపరిచే ఏర్పాటు ఉంటుంది, వీధి వెల్డింగు షాపులో ఉండదు. కార్బన్ ఫ్రేముకు రంధ్రం కూడా వేయకూడదు. వెనక భాగం విరిగితే బండి కుంగి ఆగుతుంది, ముందు ఫోర్కు విరిగితే మనిషి మొహాన పడతాడు. కాబట్టి ఏ లోహమైనా ఫోర్కు మీద వెల్డింగు పనికిరాదు. పట్టీలు, బోల్టులతో ఆసరా ఇవ్వాలి.

ఈ మధ్య ఎక్కువగా జరుగుతున్నది మోటారు బిగింపు. చక్రం హబ్బులోనే మోటారు ఉండే కిట్లు, 36 వోల్టుల లిథియం బ్యాటరీలు ఇప్పుడు తేలిగ్గా దొరుకుతున్నాయి. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పేటప్పుడు ఇరుసును అంతే బలంతో వెనక్కి తిప్పుతుంది. ఇరుసు తిరగకుండా పట్టుకునే ఉక్కు చెయ్యి ఒకటి వేయకపోతే ఫోర్కు గాడి తెరుచుకుని చక్రం ఊడే ప్రమాదం ఉంది. వేగం 15 నుంచి 25 కిలోమీటర్లకు పెరిగితే బ్రేకులు పీల్చుకోవాల్సిన శక్తి దాదాపు మూడు రెట్లవుతుంది. క్రోమియం రిమ్ము మీద కమ్మీ బ్రేకులు వానలో అసలే జారతాయి. మోటారు పెట్టే ముందే బ్రేకులు మార్చాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలకు మించకుండా ఉండి, సరైన బ్రేకులు, ముందు తెల్లటి, వెనక ఎర్రటి రిఫ్లెక్టర్లు ఉంటేనే అది మోటారు వాహనం లెక్కలోకి రాదు. అంతకు మించితే లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా అన్నీ ఉండాల్సిందే.