పార్కింగ్ చలాన్ వచ్చిందా? కట్టే ముందు ఫొటో చూడండి

గత ఏడాది రంజాన్‌కు కొద్ది రోజుల ముందు ఒక ఆటో సోదరుడు మా సొసైటీ ఆఫీసుకు వచ్చారు. ఆయన పాత స్కూటర్ మీద మూడు నో పార్కింగ్ చలాన్లు పడ్డాయి. మూడూ ఆయన ఎన్నడూ బండి ఆపని వీధిలోవే. "గొడవెందుకు భాయ్, కట్టేస్తే పోతుంది. వడ్డీ లేని అప్పు ఇప్పించండి చాలు" అన్నారు.

అప్పు కాగితం రాసే ముందు మేము ఆయన ఫోనులో చలాన్ ఫొటో తెరిచాం. అందులో ఉన్నది స్కూటరే కాదు, మోటార్ సైకిల్. నంబరు ప్లేటు మీద బురద అంటి 8 అంకె 3 లాగా కనిపిస్తోంది. మూడు చలాన్లు వచ్చినా ఆ ఇంట్లో ఒక్కరూ ఫొటో తెరవలేదు. అప్పుకు బదులు ఆ రోజు అర్జీ రాసిచ్చాం.

ఇలాంటివారు మన బస్తీల్లో చాలామంది ఉన్నారు. ఆఫీసుల చుట్టూ తిరిగితే ఒక రోజు కిరాయి పోతుంది. చలాన్ మొత్తం అంతకన్నా తక్కువే. అందుకే తప్పు చేయకపోయినా కట్టేస్తారు. ఆ రోజుకు లెక్క సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ నంబరు తప్పుగా నమోదైన చోట చలాన్ ఒకటితో ఆగదు. అందుకే ఈ విషయం నాలుగు ముక్కల్లో రాస్తున్నాం.

ముందు మనల్ని మనం అడగాలి

చలాన్ వచ్చిందంటే అన్యాయమే జరిగిందని అనుకోకూడదు. శుక్రవారం నమాజుకు ఆలస్యమై ఎవరి గేటుకో అడ్డంగా బండి పెట్టి వెళ్ళిన రోజులు మనలో చాలామందికి ఉన్నాయి. ఆ ఇంట్లో జబ్బు మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే ఏం కావాలి? ఫుట్‌పాత్ మీద, జీబ్రా క్రాసింగ్ దగ్గర, బస్టాపు దగ్గర, ఆసుపత్రి లేదా బడి గేటు ముందు, ఆగి ఉన్న ఇంకో బండి పక్కన రెండో వరుసలో బండి పెట్టకూడదు. ఇలాంటి చోట్ల 'బోర్డు లేదు కదా' అన్న వాదన పనికిరాదు. తప్పు మనదైతే చలాన్ కట్టి, మళ్ళీ చేయకుండా ఉండటమే మర్యాద. తప్పు లేనప్పుడు అడగడానికి నోరు రావాలంటే, ఉన్నప్పుడు ఒప్పుకోవడం కూడా రావాలి.

కట్టడం అంటే ఏమిటి?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 200వ సెక్షన్ కొన్ని నేరాలను కోర్టుకు వెళ్ళకుండా రుసుము కట్టి ముగించుకోవడానికి వీలిస్తుంది. చట్టం దృష్టిలో ఇది రాజీ. ఆ రుసుము ఎంతో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అందుకే హైదరాబాద్‌లో పడే మొత్తం, విజయవాడలో పడే మొత్తం ఒకటి కాకపోవచ్చు. రాజీ అయ్యాక ఆ కేసు మూతపడినట్టే. తరువాత 'బండి నాది కాదు' అంటే వినేవారు దొరకడం కష్టం. కాబట్టి అభ్యంతరం ఉంటే ముందు చెప్పాలి. కట్టాక కాదు.

తెలంగాణలో 2022 మార్చిలో, మళ్ళీ 2023 డిసెంబరులో పెండింగ్ చలాన్లపై పెద్ద రాయితీలు ఇచ్చారు. నిజంగా బకాయి ఉన్నవారికి అది మేలే. కానీ రాయితీ వచ్చిందని మనది కాని చలాన్ కూడా కడితే, మనది కాని తప్పును తక్కువ ధరకు కొనుక్కున్నట్టే.

ఫొటోలో ఏం చూడాలి?

కెమెరాల ద్వారా వేసే చలాన్ల కోసం కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో 167ఎ నిబంధన చేర్చారు. అనుమతి లేని చోట బండి ఆపడం కూడా దాని పరిధిలో ఉంది. జరిగిన తప్పు, నంబరు ప్లేటు ఫొటోలో స్పష్టంగా కనిపించాలి. తేదీ, సమయం, స్థలం ఉండాలి. చట్టంలో ఏ సెక్షన్ మీరారో నోటీసులో రాయాలి. 2021 నాటి ఆ నిబంధనలో నోటీసు పంపడానికి 15 రోజుల గడువు పెట్టారు.

కాబట్టి చలాన్ తెరిచి వరుసగా చూడండి. నంబరులో ప్రతి అక్షరం, ప్రతి అంకె మనదేనా? బండి రకం, రంగు ఆర్‌సీలో ఉన్నట్టే ఉన్నాయా? ఆ తేదీన, ఆ వేళకు మన బండి ఎక్కడుంది? బండి పెట్టింది పార్కింగ్‌కు గీతలు గీసిన చోటా, కాదా? ఒకే చోట, ఒకే సమయానికి రెండు చలాన్లు పడ్డాయా?

ఆధారాలు అదే రోజు సేకరించుకోవాలి. చలాన్, ఫొటో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మన బండిని ముందు నుంచి, వెనుక నుంచి, ప్లేటు కనిపించేలా ఫొటో తీయండి. బోర్డు చెట్టుకొమ్మల చాటున ఉంటే, రోడ్డు మీద గీత చెరిగిపోయి ఉంటే, రోడ్డుకు అటూ ఇటూ కనిపించేలా ఫొటో తీయండి. ఆ సమయానికి పెట్రోలు బంకు రసీదో, ఆసుపత్రి చీటీయో, పని చేసే చోట హాజరో ఉంటే జత చేయండి.

అర్జీ ఎలా రాయాలి?

చలాన్ వెబ్‌సైటులో ఫిర్యాదు చేసే వీలుంటే అక్కడ చేయండి. రాతపూర్వకంగా ట్రాఫిక్ పోలీసు అధికారులకు కూడా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. కోపం, కథ అవసరం లేదు. ఇంత చాలు:

"అయ్యా, నా స్కూటర్ నంబరు ఇది. ఫలానా తేదీన ఫలానా నంబరు చలాన్ వచ్చింది. ఫొటోలో ఉన్నది మోటార్ సైకిల్, నాది స్కూటర్. ఆర్‌సీ నకలు, నా బండి ఫొటోలు జతచేశాను. పరిశీలించి చలాన్ రద్దు చేసి, ఆ విషయం నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు."

చలాన్ మీద గడువు తేదీ ఉంటే అది దాటకుండా అర్జీ వేయాలి. అర్జీ తిరస్కరిస్తే భయపడనక్కర్లేదు. కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం తప్పక హాజరై, 'తప్పు ఒప్పుకోవడం లేదు' అని చెప్పి ఆధారాలు చూపవచ్చు. లోక్ అదాలత్‌లో కూడా ఇలాంటి కేసులు ముగుస్తాయి. అయితే అక్కడ జరిగేది రాజీ. దాని మీద అప్పీలు ఉండదు. అసలు తప్పే చేయలేదన్నవారు ఆలోచించుకుని వెళ్ళాలి. మహిళలకు, వికలాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను నంబరు 15100.

బండిని లాక్కెళ్ళితే?

పార్కింగ్ నిషేధించిన చోట బండి ఉంటే చక్రానికి తాళం వేయించడానికి, క్రేనుతో తరలించడానికి 127వ సెక్షన్ యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారికి అధికారం ఇస్తుంది. తరలింపు ఖర్చు యజమానే భరించాలి. కాబట్టి వాదులాటకు దిగకండి. కానీ కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. బండి తీసుకునేటప్పుడు గీతలు, దెబ్బలు ఉంటే అక్కడే ఫొటో తీయండి.

మరో రెండు జాగ్రత్తలు

బండి అమ్మినవారు చాలామంది కాగితాలు మార్చరు. అమ్మిన వ్యక్తి, ఒకే రాష్ట్రంలో అయితే, 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతోంది. అది చేయకపోతే ఎవరో పెట్టిన బండికి చలాన్ మన పేరునే వస్తుంది. అది పోలీసుల తప్పు కాదు, మన బద్ధకం.

ఇక వాట్సాప్‌లో 'మీకు చలాన్ ఉంది, ఈ ఫైలు తెరవండి' అని వస్తే తెరవకండి. బ్యాంకు ఖాతా ఖాళీ చేసే మోసం అది. ప్రభుత్వ వెబ్‌సైటులో మీరే నంబరు కొట్టి చూసుకోండి.

ఆ ఆటో సోదరుడి విషయం చెప్పలేదు కదా. రెండు చలాన్లు అర్జీతోనే రద్దయ్యాయి. మూడోదానిలో ఫొటో మసకగా ఉంది. ఆయన స్కూటర్ తీసుకెళ్ళి అధికారికి స్వయంగా చూపించాక అదీ తీసేశారు. ఒక పూట కిరాయి పోయింది. "పోతే పోయింది భాయ్, నా బండి పేరు మీద మచ్చ లేదు" అన్నారు. ఆ నెల అప్పు కూడా అడగలేదు. అది అవసరమైన ఇంకొకరికి వెళ్ళింది.

చదవడం, రాయడం వచ్చిన పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఈ వారం ఇంట్లో ఉన్న బండ్ల నంబర్లన్నీ ఒకసారి వాళ్ళ చేత చూపించండి. అర్జీ రాయడం కష్టమనిపిస్తే మా ఆఫీసుకు రండి. కాగితం, కలం సిద్ధంగా ఉంచుతాం.