వంటగదిలోకి రాని వైఫై

ముందు గదిలో ఫోను బాగానే పనిచేస్తుంది. వంటగదిలోకి వెళ్లగానే బొమ్మ ఆగిపోతుంది. మాట తెగిపోతుంది. పెరట్లోకి వెళితే అసలే రాదు. నెలనెలా డబ్బు మాత్రం కడుతూనే ఉంటారు.

విశాఖపట్నంలో గాజువాక, మల్కాపురం, కంచరపాలెం ఎక్కడ చూసినా ఇలాంటి ఇళ్లు ఉంటాయి. 2020లో కరోనా వచ్చి బడులు మూశారు. పిల్లల పాఠాలు ఫోనులోకి వచ్చాయి. అప్పటినుంచి సిగ్నల్ అనే మాట ఉప్పు, పప్పు లాగా ఇంటిమాట అయిపోయింది. గ్యాసు బుక్ చేయాలన్నా, ఓడ మీద పనికి వెళ్లిన కొడుకు ముఖం చూడాలన్నా అది కావాలి.

దుకాణంలో అడిగితే "బూస్టరు కొనండి" అంటారు. కొనే ముందు ఇంట్లో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. వాటికి పైసా ఖర్చు లేదు.

లోపం తీగలోనా, గాలిలోనా?

వీధిలో కరెంటు స్తంభాల మీద నల్లటి సన్నని తీగ కనిపిస్తుంది. అందులో వెంట్రుకంత సన్నని గాజు పోగు ఉంటుంది. ఆ పోగులో వెలుగు పరుగెత్తుతుంది. ఆ వెలుగే మాటల్నీ బొమ్మల్నీ మోసుకొస్తుంది. ఇలాంటి తీగనే రాష్ట్ర ప్రభుత్వం కూడా ఏపీ ఫైబర్‌నెట్ పేరుతో కరెంటు స్తంభాల మీదుగా లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు అన్నారు. ధరలు తర్వాత మారాయి. స్తంభాల మీది తీగకు తుపాను భయం ఎప్పుడూ ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో స్తంభాలు కూలిపోయాయి. కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఆ రోజులు ఊరివాళ్లు మరిచిపోలేదు.

ఈ తీగ ఇంట్లో ఒక డబ్బా దగ్గర ఆగిపోతుంది. దాన్ని రౌటరు అంటారు. అక్కడినుంచి ఫోను దాకా తీగ లేదు. అలలే. రేడియోలో పాటలు తెచ్చే అలల జాతివే ఇవి కూడా. వీటినే వైఫై అంటున్నారు.

ఇప్పుడు డబ్బా పక్కనే నిలబడి ఫోను చూడండి. అక్కడ కూడా నెమ్మదిగా ఉందా? అయితే డబ్బాను ఎటు జరిపినా లాభం లేదు. లోపం తీగలో ఉంది, లేదా కంపెనీ దగ్గర ఉంది. డబ్బా మీద ఎల్.ఓ.ఎస్. అనే అక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాల దగ్గర ఎర్ర దీపం వెలిగితే గాజు పోగు తెగిందనో, మడత పడిందనో అర్థం. కేబులాయనకు కబురు చేయాలి. ఆ తీగను మేకులతో నొక్కి కొట్టకూడదు. మూల దగ్గర మడవకూడదు. పెద్ద గుండ్రంగా చుట్టి వదలాలి. తెగిన కొసను కంటి దగ్గర పెట్టుకొని చూడవద్దు. లోపలి వెలుగు కనిపించదు, కానీ కంటికి చెరుపు చేస్తుంది. పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి.

డబ్బా పక్కన బాగుండి, దూరం వెళ్లేకొద్దీ తగ్గుతోందా? అప్పుడు లోపం అలల దారిలో ఉంది.

అలకు కొండ అడ్డం

విశాఖ రేవు సంగతి అందరికీ తెలుసు. సముద్రం అలలు వచ్చి డాల్ఫిన్స్ నోస్ కొండను కొడతాయి. కొండ చాటున లోపలి రేవులో నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. అందుకే అక్కడ రేవు కట్టారు. 1933 నుంచి ఓడలు అక్కడ నిలుస్తున్నాయి. కొండ చాటు ఓడకు మేలు. ఇంట్లో అలలకు మాత్రం చాటు పనికిరాదు. ఇంట్లో కొండ ఏది? ఇనప బీరువా. నీళ్ల డ్రమ్ము. ఫ్రిజ్జు. పెద్ద అద్దం. ఇనుము ఈ అలలను వెనక్కి కొడుతుంది. నీరు వాటిని పీల్చేసుకుంటుంది.

ఇటుక గోడను అల దాటుతుంది గాని కొంత బలం పోతుంది. రెండు గోడలు దాటితే ఇంకా పోతుంది. శ్లాబు మరీ గట్టిది. అందులో ఇనప చువ్వలు ఉంటాయి కదా. 1992 ఆగస్టు 1న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన విశాఖ ఉక్కు కర్మాగారంలో అలాంటి చువ్వలు తయారవుతాయి. ఇల్లు నిలబెట్టే ఉక్కే మేడ మీదికి వైఫైని పోనివ్వదు!

ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇలా మాట్లాడుకుంటున్నారనుకోండి.

"ఏటి వదినా, మీ ఇంట్లో నెట్టు రాదేటి?"

"ఏటో, వంటింట్లోకి రానే రాదు. కొత్త డబ్బా కొనాలట."

"పాతది ఎక్కడెట్టేవు?"

"టీవీ ఎనకాల. నేల మీద. దుమ్ము పడకుండా గుడ్డ కప్పేను."

లోపం అక్కడే తెలిసిపోయింది. టీవీ వెనక ఇనుము ఉంటుంది. నేల మీద పెడితే సగం అలలు నేలలోకే పోతాయి. గుడ్డ కప్పితే డబ్బా వేడెక్కుతుంది. డబ్బాను ఇంటి మధ్యకు తేవాలి. మనిషి తల ఎత్తున, చెక్క అలమరా మీద గాని గూటిలో గాని పెట్టాలి. తలుపు గుమ్మానికి ఎదురుగా ఉంటే ఇంకా మంచిది. గుమ్మంలోనుంచి అల తేలికగా వెళుతుంది. తీగ పొడవు చాలకపోతే కేబులాయననే అడగాలి. మనం లాగితే పోగు తెగుతుంది.

డబ్బాకు కొమ్ముల్లాంటి కడ్డీలు ఉంటే వాటిని నిలువుగా పెట్టండి. అల కడ్డీ చుట్టూ గాజులా పరుచుకుంటుంది. కడ్డీ కొసవైపు తక్కువ పోతుంది. అందుకే మేడ మీదికి కావాలంటే ఒక కడ్డీని పడుకోబెట్టి చూడాలి.

కొన్ని ఇళ్లలో ఫోనులో రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. అది ఫోను కంపెనీవాళ్లు చెప్పే 5జీ కాదు, వేరు. దాని అల పొట్టిది. వేగం ఎక్కువ, కానీ గోడ దగ్గర నీరసపడుతుంది. రెండో పేరుది పొడుగు అల. వేగం తక్కువైనా దూరం పోతుంది. వంటగదిలో ఆ రెండోదానికే కలపండి.

రేకుతో ఒక ఉపాయం

పాత గోడ లాంతరు వెనక తళతళలాడే రేకు ఉండేది. గోడవైపు పోయే వెలుగును అది గదిలోకి తిప్పేది. డబ్బా గోడవారనే ఉండాల్సి వస్తే అదే ఉపాయం పనికొస్తుంది. చపాతీలు చుట్టే అల్యూమినియం రేకును అట్టకు అంటించాలి. అట్టను కొంచెం వంచి డబ్బా వెనక నిలబెట్టాలి. 2017లో అమెరికాలో డార్ట్‌మౌత్ కళాశాలవాళ్లు లోహపు రేకు తొడిగిన అచ్చులతో ఇలాంటిదే చేసి చూపారు. అయితే రేకు కొత్త బలం పుట్టించదు. ఒకవైపుది తీసి ఇంకోవైపుకి ఇస్తుంది. అట్ట వెనకాల ఉన్న గదికి సిగ్నల్ తగ్గుతుంది.

ఇన్ని చేసినా చాలకపోతే అప్పుడు డబ్బు తీయాలి. దుకాణంవాళ్లు చెప్పే బూస్టరు మొదటి డబ్బా మాట విని తిరిగి చెబుతుంది. చవకరకం ఒకే అలతో వినడం, చెప్పడం రెండూ చేస్తుంది. అందుకని వేగం సగానికి పడిపోవచ్చు. దాన్ని సిగ్నల్ లేని మూల పెడితే వినడానికే ఏమీ ఉండదు. సగం దారిలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. దీనికన్నా మంచిది తీగ లాగడం. చుట్టాల ఇంట్లో పాత రౌటరు ఊరికే పడి ఉంటే అడిగి తెచ్చుకోవాలి. మొదటి డబ్బా నుంచి దానికి లాన్ తీగ వేయాలి. ఆ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. రెండోది మొదటిదానికి తోడుగా నడిచేలా సెట్టింగు మార్చాలి. అది తెలిసినవాళ్ల చేత ఒకసారి చేయించుకుంటే చాలు.

ఒక్కోసారి అలా బాగుంటుంది, తీగా బాగుంటుంది. అయినా సాయంత్రం నెమ్మదిస్తుంది. అప్పుడు పక్కింటి పిల్లలు ఎంతమంది మీ వైఫైలో సినిమాలు చూస్తున్నారో కనుక్కోండి. డబ్బా అడుగున కాగితం మీద రాసి ఉన్న పాస్‌వర్డును మార్పించండి. కొత్తది మీరే ఆలోచించి, మీ చేతితో పుస్తకంలో రాసి పెట్టుకోండి.