చప్పుడు చేయని కంప్యూటరు

విడిభాగములు కొని ఇంటనే కంప్యూటరును కూర్చుకొనదలచిన శ్రోతలు ధరతోపాటు దాని చప్పుడును గూడ యోచింపవలెను. ఒకే గదిలో పిల్లవాడు చదువుచుండగా పెద్దలు నిద్రించు ఇండ్లలో ఇది స్వల్ప విషయము కాదు.

చప్పుడునకు మూలము వేడి. దానిని వెడలగొట్టుటకే ఫ్యానులు తిరుగును. కావున ప్రాసెసరు 65 వాట్ల తరగతిదై, తెరపై బొమ్మలు చూపు శక్తి తనలోనే కలదై యుండుట మేలు. వేరుగా గ్రాఫిక్స్ కార్డు ఖర్చును, దాని రొదయు రెండును తప్పును. వ్రాతపనికి, లెక్కలకు, సినిమాలు చూచుటకు ఇది చాలును.

80 మిల్లీమీటర్ల ఫ్యాను వడిగా తిరిగి పంపు గాలిని 120 మిల్లీమీటర్ల ఫ్యాను మెల్లగా తిరిగియే పంపగలదు. ఫ్యాను వేగము సగమైనచో చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు తగ్గును.

హార్డు డిస్కు నిమిషమునకు 5,400 లేక 7,200 మార్లు తిరుగును. సాలిడ్ స్టేట్ డ్రైవులో కదలెడు భాగమే లేదు.

పొదుపు చేయరానిది పవర్ సప్లై. నాసిరకపుది విద్యుత్తును వేడిగా వృథాచేయును. చెడినపుడు తక్కిన భాగములను గూడ చెరుపవచ్చును.

ఇక పెట్టె. ముందువైపు అద్దము కలదానికంటె జల్లెడవలె గాలి చొరనిచ్చునది మన వేసవికి తగినది. రంగుదీపములకు పెట్టు సొమ్ము మంచి ఫ్యానుకు పెట్టినచో ఇల్లు ప్రశాంతముగా నుండును.