పక్కకి తిప్పొచ్చుగా మావయ్యా?

కాకినాడ నుంచి యానాం వెళ్లే 216 హైవే. అర్ధరాత్రి మావయ్య లారీలో పక్కసీట్లో నేను. కోరింగ దగ్గర హెడ్‌లైట్ల వెలుగులో రెండు కళ్లు మెరిశాయి. బావురుపిల్లి! మన మడ అడవుల్లో చేపలు పట్టుకుని బతికే జీవి.

మావయ్య స్టీరింగ్ తిప్పలేదు. హారన్ కొట్టి, బ్రేక్ తొక్కాడు. అది ఆఖరి క్షణంలో తుప్పల్లోకి దూకేసింది.

"పక్కకి తిప్పొచ్చుగా?" అన్నా.

"వెనకాల ఇరవై టన్నుల లోడుందిరా అల్లుడూ. తిప్పితే బోల్తానే."

ఫోన్‌లో లెక్కేశా. 60 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. కాలు బ్రేక్ మీదకి వెళ్లేలోపే బండి అంత దూరం పోతుంది. అదే స్పీడు సగానికి తగ్గిస్తే, బ్రేక్ పడ్డాక ఆగే దూరం పావు వంతే.

మావయ్యకి చూపించా. ఏమీ అనలేదు. కోరింగ దాటేదాకా ముల్లు 30 దాటలేదు.