వైఫై ఉంది, నెట్ రాదు.. ఖర్చు లేకుండా జాగ్రత్త పడేదెలా?

ఆన్‌లైన్ పరీక్ష రోజున స్కూల్ ల్యాబ్‌లో కంప్యూటర్లకు నెట్ రాదు. ఐపీ అడ్రసు చూస్తే 169.254తో మొదలవుతోంది. అంటే, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాలేదన్నమాట. మరి రెండో సర్వర్ కొనాల్సిందేనా?

ముందు గడువు సంగతి చూద్దాం. డీహెచ్‌సీపీ అడ్రసును అద్దెకిస్తుంది. సగం గడువు కాగానే కంప్యూటర్ దాన్ని తనంతట తానే పొడిగించుకుంటుంది. గడువు 8 రోజులు పెడితే, సర్వర్ ఆగినా ఆన్‌లో ఉన్న కంప్యూటర్లకు దాదాపు 4 రోజులైనా అడ్రసు ఉంటుంది. పైసా ఖర్చు లేదు. కానీ కొత్తగా వచ్చినవాటికి దొరకదు.

షాదీఖానా, హోటల్ లాంటి చోట ఇది పనికిరాదు. మామూలు నెట్‌వర్క్‌లో ఉండేవి 254 అడ్రసులే. వెళ్లిపోయినవాళ్ల ఫోన్ల పేరిట అవి ఇరుక్కుంటాయి. అక్కడ ఒకటి రెండు గంటలు చాలు.

ఇంట్లోనైతే రెండోది దండగే. అడ్రసులిచ్చేదీ, నెట్ ఇచ్చేదీ ఒకే రౌటర్. అది పోతే రెండూ పోతాయి.

స్కూల్, ఆఫీసుల్లో సర్వర్ వేరుగా ఉంటే, ఉన్న రౌటర్‌నే తోడుగా పెట్టుకోవచ్చు. 200 అడ్రసులుంటే 160 సర్వర్‌కు, 40 రౌటర్‌కు ఇవ్వండి. ఈ రెండు వాటాలూ కలవకూడదు. ఒకే అడ్రసు రెండు కంప్యూటర్లకు వెళ్తే రెండింటికీ ఇబ్బందే.

సెలవు రోజున సర్వర్ ఆపి, కొత్త ఫోన్ ఒకటి కనెక్ట్ చేసి చూడండి. పరీక్ష రోజు నిశ్చింతగా ఉండొచ్చు.