గీత మారితే ఫలితం మారింది

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర ఫలితాలు చూసినవారికి ఒక సందేహం రాక తప్పదు. 2022 నవంబరులో అక్కడి ప్రజలు డెమొక్రాట్ అయిన టోనీ ఎవర్స్‌ను రెండోసారి గవర్నర్‌గా ఎన్నుకున్నారు. అదే ఎన్నికలతో రాష్ట్ర సెనేట్‌లోని 33 స్థానాల్లో రిపబ్లికన్ల బలం 22కు చేరింది. 2024 నవంబరు 5న అధ్యక్ష పదవికి ఆ రాష్ట్రం స్వల్ప తేడాతో రిపబ్లికన్ అయిన ట్రంప్‌ను గెలిపించింది. ఆ రోజే సెనేట్‌లో డెమొక్రాట్లు నాలుగు స్థానాలు అదనంగా గెలుచుకున్నారు. ఎందుకిలా జరిగింది?

జవాబు చాలావరకు నియోజకవర్గాల పటంలో ఉంది.

మన దేశంలో నియోజకవర్గాల హద్దులను డీలిమిటేషన్ కమిషన్ నిర్ణయిస్తుంది. 2009 ఎన్నికల నాటికి మన ఊళ్లు కొన్ని ఒక నియోజకవర్గం నుంచి మరొకదానికి మారడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. విస్కాన్సిన్‌లో ఆ గీతలు గీసే అధికారం శాసనసభదే. అంటే, ఎవరు తమకు ఓటు వేయాలో ఎన్నికకు ముందే నాయకులు ఎంచుకోవచ్చు. ప్రత్యర్థి ఓటర్లను కొన్ని నియోజకవర్గాల్లో కుక్కేస్తారు. మిగిలినవారిని ముక్కలు చేసి ఎక్కడా గెలవలేనట్లు చెదరగొడతారు. దీన్నే జెర్రీమాండరింగ్ అంటారు. 2011లో అధికారంలో ఉన్న రిపబ్లికన్లు గీసిన పటం ఇందుకు పేరుమోసింది. డెమొక్రాట్ ఓటర్లు మిల్వాకీ, మాడిసన్ నగరాల్లో గుమికూడి ఉండడం కూడా ఆ పటానికి కలిసివచ్చింది.

2023 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3 తేడాతో అప్పటి పటాన్ని కొట్టివేసింది. నియోజకవర్గం ఒకదానికొకటి ఆనుకుని ఉన్న భూభాగంగా ఉండాలని రాష్ట్ర రాజ్యాంగం చెబుతుండగా, కనీసం 20 సెనేట్ నియోజకవర్గాల్లో విడిపోయిన తునకలు ఉన్నాయని తేల్చింది. 2024 ఫిబ్రవరిలో కొత్త పటం చట్టమైంది.

సెనేటర్ల పదవీకాలం నాలుగేళ్లు. రెండేళ్లకోసారి సగం మందికి ఎన్నిక. 2024లో సరి సంఖ్యల 16 నియోజకవర్గాలకు పోలింగ్ జరిగింది. 8, 14, 18, 30 నంబర్ల స్థానాలు డెమొక్రాట్లకు దక్కాయి. రిపబ్లికన్ల మెజారిటీ నిలిచినా 18-15కు తగ్గింది. బేసి సంఖ్యల 17 స్థానాల వంతు 2026 నవంబరుది.

దీన్ని మేము ఒక పార్టీ గెలుపుగా చెప్పడం లేదు. ఇల్లినాయిలో డెమొక్రాట్లు తమకు అనుకూలంగా గీతలు గీసుకున్నారు. తూకం రాయిని ఎవరు మార్చినా నష్టపోయేది కొనుగోలుదారుడే. ఓడిపోతానన్న భయం లేని ప్రతినిధి ఓటరు గడప తొక్కాల్సిన అవసరం లేదనుకుంటాడు. ఓటరు కూడా తన ఓటుతో ఏమవుతుందిలే అని ఇంట్లోనే ఉండిపోతాడు. అందుకే ఎన్నికల ఫలితం చదివేటప్పుడు ఎవరికెన్ని సీట్లు వచ్చాయన్నదానితో పాటు, హద్దులు ఎవరు గీశారని కూడా అడగడం మనం నేర్చుకోవాలి.