జబ్బు తలలో, ఆయాసం గుండెకు

పుట్టిన ఒకటి రెండు రోజులకే బిడ్డ గుండె అలసిపోతోంది. గుండెలో చూస్తే పెద్ద లోపమేదీ కనిపించదు. అప్పుడు అనుభవమున్న వైద్యులు స్టెతస్కోప్‌ను మాడు మీద పెట్టి వింటారు. అక్కడ హోరు వినిపిస్తే అనుమానం ‘వీన్ ఆఫ్ గేలెన్ మాల్‌ఫార్మేషన్’ మీదకు పోతుంది.

మామూలుగా ధమనిలోంచి రక్తం సన్నటి కేశనాళికల గుండా నెమ్మదించి సిరలోకి చేరుతుంది. ఈ పిల్లల మెదడులో లోపమున్న చోట ఆ కేశనాళికలు ఉండవు. అక్కడ ధమనులు తిన్నగా సిరలోకే తెరుచుకుంటాయి. కట్ట తెగిన కాలువలా రక్తం అటే పారుతుంది, గుండె ఎంత కొట్టుకున్నా చాలదు. ఈ లోపం గర్భంలో 6 నుంచి 11 వారాల మధ్యే ఏర్పడుతుంది.

మరి కడుపులో ఉన్నన్నాళ్లూ గుండె ఎలా తట్టుకుంటుంది? మాయ వల్ల. రక్తం మాయలోకి సులువుగా పోతుంది కాబట్టి తలవైపు ఒత్తిడి తక్కువ. బొడ్డు కోయగానే ఆ రక్షణ పోతుంది.

అందుకే కాన్పుకు ముందే వైద్యం చేయాలన్న ఆలోచన వచ్చింది. 2023 మార్చిలో అమెరికాలోని బోస్టన్‌లో, 34 వారాల గర్భస్థ శిశువుకు డాక్టర్ డారెన్ ఆర్బాక్ బృందం ఈ పని చేసింది. అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ తల్లి పొట్టలోంచి, గర్భాశయంలోంచి, శిశువు తల వెనక నుంచి సూదిని ఉబ్బిన సిర దాకా పంపి, సన్నటి లోహపు కాయిల్స్ నింపారు. రెండు రోజులకే పాప పుట్టింది, బరువు 1.9 కిలోలు. గుండెకు మందుల అవసరం రాలేదు. ఇంత చిన్న తలలో ఇంత పని! చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈ ధైర్యం వెనక ఫ్రెంచ్ వైద్యుడు పియర్ లాజోనియాస్ కృషి ఉంది. తల తెరిచి ఆపరేషన్ చేసే రోజుల్లో నవజాత శిశువుల్లో చాలామంది దక్కేవారు కాదు. ఆయన పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో, రక్తనాళాల్లోంచే సన్నటి గొట్టం పంపి జిగురుతో దారులు మూసే పద్ధతిని తీర్చిదిద్దారు. గుండె, మెదడు, ఊపిరి, కాలేయం, కిడ్నీల స్థితికి 21 మార్కుల కొలమానం పెట్టారు. 12 దాటితే, బిడ్డ నిలకడగా ఉంటే, కొన్ని నెలలు ఆగవచ్చు. 8 నుంచి 12 మధ్య ఉంటే వెంటనే చేయాలి.

కొందరిలో గుండె తట్టుకుంటుంది, నెలలు గడిచాక తల పెరగడం మొదలవుతుంది. మెదడులో నీరు చేరుతుంది. నీరు తీసే గొట్టం వేయడానికి తొందరపడరు. ముందు ఆ రక్తపు దారిని మూస్తారు. సిరల్లో ఒత్తిడి తగ్గితే చాలాసార్లు నీరూ అదుపులోకి వస్తుంది.